అక్షరాలతో ఆడుకున్న లెక్కల మాస్టారు

ఒక చిన్న పరీక్షతో మొదలుపెడతాను. ఇంగ్లీషులో జి, పి అనే రెండక్షరాలు అదే వరుసలో పక్కపక్కనే వచ్చే మాట ఒకటి చెప్పండి. మాట మొదట్లోనే ఉండాలని లేదు, మధ్యలో ఎక్కడున్నా సరే. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు పనికిరావు. నలుగురూ వాడే మామూలు మాటే కావాలి. నిఘంటువు తీస్తే దొరుకుతుందనుకోకండి. మొదటి అక్షరం తెలిసినవాడికే నిఘంటువు పనికొస్తుంది, నడుమ అక్షరాలు పట్టుకుని వెళితే అది దారి చూపించదు.

జవాబు కాస్త ఆగి చెబుతాను. ఈ ఆట పేరు మిష్‌మాష్. దీన్ని తయారుచేసి 1881లో ఒక మాసపత్రికలో అచ్చువేయించిన మనిషి ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల మాస్టారు. అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. లోకానికి తెలిసిన పేరు లూయిస్ కారల్. కుందేలు వెంట పరుగెత్తి బొరియలో పడిపోయిన ఆలిస్ కథ రాసినాయన అంటే అందరికీ గుర్తొస్తాడు. స్వర్ణోత్సవ సంచికకి వ్యాసం రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు ఒక లెక్కల మాస్టారి గురించి రాస్తానన్నాను. మన మాస్టార్లలో ఎవరో అనుకుని వాళ్ళు సంతోషించారు. ఈయన మన బడి మాస్టారు కాడు, మన ఊరి ముఖం చూసినవాడూ కాడు. అయినా తెలుగు మీడియం బల్లల మీద కూర్చుని చదువుకున్న మనలాంటి వాళ్ళకి ఈయన కథ చెప్పవలసిందే అని నాకు చాలాకాలంగా ఉంది. ఎందుకో ముందుకి వెళ్ళాక తెలుస్తుంది.

డాడ్జ్‌సన్ 1832 జనవరి 27న ఇంగ్లండులో చెషైర్ ప్రాంతంలోని డేర్స్‌బరీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పురోహితుడు. పదకొండుమంది పిల్లల్లో ఈయన మూడోవాడు, మగపిల్లల్లో పెద్దవాడు. 1843లో కుటుంబం యార్క్‌షైర్‌లోని క్రాఫ్ట్ అనే ఊరికి మారింది. అంతమంది పిల్లలున్న ఇంట్లో పెద్దన్న పని ఏమిటో మనకి చెప్పక్కర్లేదు. తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఆటలు కట్టేవాడు, తోలుబొమ్మలాడించేవాడు, చేత్తో రాసిన ఇంటి పత్రికలు నడిపేవాడు. ఆ పత్రికల్లో ఒకదాని పేరే మిష్‌మాష్. పాతికేళ్ళ తర్వాత ఆ పేరునే ఆటకి పెట్టుకున్నాడు. మన భాషలో కలగూరగంప అనుకోవచ్చు.

ఒక లోటు ఉండేది. మాట తడబడేది. ఆ ఇంట్లో చాలామంది పిల్లలకి నత్తి ఉండేది, ఈయనకి అది చివరిదాకా పోలేదు. దానికితోడు చిన్నప్పటి జ్వరం వల్ల కుడి చెవి సరిగా వినపడేది కాదు. 1846 నుంచి మూడేళ్ళు రగ్బీ స్కూల్లో చదివాడు. చదువులో బహుమతులు వచ్చాయి గానీ, ఆ మూడేళ్ళూ మళ్ళీ గడపమంటే ఏమిచ్చినా ఒప్పుకోనని తర్వాత రాసుకున్నాడు. పెద్దయ్యాక కూడా నత్తికి వైద్యం కోసం హేస్టింగ్స్‌లో జేమ్స్ హంట్ అనే నిపుణుడి దగ్గరికి వెళుతుండేవాడు.

1851 జనవరిలో ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కాలేజీలో చేరాడు. చేరిన రెండు రోజులకే తల్లి పోయిందని కబురు వచ్చింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి చదువుకున్నాడు. 1854లో లెక్కల్లో మొదటి తరగతి, 1855లో అదే కాలేజీలో లెక్కల అధ్యాపక పదవి. ఆ కాలేజీ గోడల మధ్యే మిగిలిన జీవితమంతా గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. కాలేజీ ఇచ్చిన స్థానానికి పెళ్ళి కాకుండా ఉండాలనే షరతు కూడా ఉండేది. 1861లో మతాచార్యుల్లో మొదటి మెట్టయిన డీకన్ అయ్యాడు గానీ పూర్తి పురోహితుడు కాలేదు. దానికి కారణాలు చాలా చెబుతారు. ప్రసంగపీఠం మీద మాట తడబడుతుందన్న బెంగ వాటిలో ఒకటి.

కలం పేరు ఎలా వచ్చిందో చూడండి, ఈయన బుర్ర ఎలా నడిచేదో తెలుస్తుంది. 1856లో ఒక పత్రికాసంపాదకుడు కలం పేరు పెట్టుకోమన్నాడు. ఈయన నాలుగు పేర్లు పంపాడు. చార్లెస్ లట్విడ్జ్ అన్న తన సొంత పేరులో ఇంగ్లీషు అక్షరాలు పదిహేను. వాటినే తారుమారు చేసి, ఒక్కటి పోకుండా, ఒక్కటి ఎక్కువ కాకుండా, ఎడ్గార్ కత్‌వెల్లిస్ అని ఒక పేరు, ఎడ్గార్ యు. సి. వెస్ట్‌హిల్ అని ఇంకో పేరు కట్టాడు. మిగతా రెండిటికీ దారి వేరు. చార్లెస్ లట్విడ్జ్‌ని లాటిన్‌లోకి మార్చి, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పెట్టి, మళ్ళీ ఇంగ్లీషులోకి తెచ్చాడు. అలా వచ్చినవి లూయీ కారల్, లూయిస్ కారల్. సంపాదకుడు చివరిదాన్ని ఎంచాడు. ఎడ్గార్ కత్‌వెల్లిస్‌ని ఎంచి ఉంటే ఆ పేరుని మన పిల్లలు ఎలా పలికేవాళ్ళో!

1862 జూలై 4న తోటి అధ్యాపకుడు డక్‌వర్త్‌తో కలిసి, కాలేజీ డీన్ లిడెల్ గారి ముగ్గురు ఆడపిల్లల్ని పడవలో గాడ్‌స్టో దాకా తీసుకెళ్ళాడు. దారిలో పిల్లలు కథ చెప్పమన్నారు. అప్పటికప్పుడు అల్లిన కథని నడిపిళ్ళ పదేళ్ళ ఆలిస్ రాసివ్వమంది. చేత్తో రాసి, తనే బొమ్మలు వేసి, 1864లో ఆ ప్రతి ఇచ్చాడు. 1865లో మాక్మిలన్ వారు పుస్తకంగా వేశారు. ఖర్చు రచయితదే. రెండువేల ప్రతులు అచ్చయ్యాక చిత్రకారుడు టెనియెల్ తన బొమ్మలు సరిగా పడలేదన్నాడు. ఈయన ఆ ముద్రణ మొత్తం వెనక్కి తీయించి మళ్ళీ అచ్చువేయించాడు. నాణ్యత తనిఖీలో సరుకు తిప్పి పంపడం ఎంత కష్టమో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి, అందుకే ఆ నిర్ణయం నాకు కథ కన్నా తక్కువదిగా అనిపించదు. సొంత డబ్బుతో చేశాడు మరి.

విక్టోరియా రాణి ఆలిస్ చదివి ముచ్చటపడి, మీ తర్వాతి పుస్తకం పంపండి అంటే, ఈయన డిటర్మినెంట్ల మీద రాసిన లెక్కల పుస్తకం పంపాడని ఒక కథ చెబుతారు. అది జరగలేదని ఆయనే అచ్చులో ఖండించాడు. పుస్తకం మాత్రం నిజమే, 1867లో వచ్చింది. దానికి ఏడాది ముందు, పెద్ద డిటర్మినెంటుని రెండేసి వరుసల ముక్కలతో అంచెలంచెలుగా కుదించి విలువ కట్టే పద్ధతి ఒకటి ప్రచురించాడు. అది ఈనాటికీ ఆయన అసలు పేరుతోనే చెలామణీలో ఉంది. పెద్దదాన్ని చిన్న అడుగులుగా చేసుకోవడం, ప్రతి అడుగుకీ ఒకటే నియమం పెట్టుకోవడం. మాటలాటల్లోనూ ఆయన చేసింది అదే.

1877 క్రిస్మస్‌కి జూలియా, ఎథెల్ అనే ఆర్నాల్డ్ వారి అమ్మాయిలిద్దరు ఏమీ తోచక కూర్చుని, ఏదైనా ఆట చెప్పమన్నారు. ఈయన వాళ్ళకి డబ్లెట్స్ అనే ఆట కట్టి ఇచ్చాడు. ఒకే పొడవున్న రెండు మాటలు తీసుకోవాలి. అడుగుకి ఒక్క అక్షరం చొప్పున మారుస్తూ మొదటిదాన్ని రెండోదానిగా చేయాలి. నడుమ వచ్చేవన్నీ నిజమైన మాటలే అయి ఉండాలి. తలని తోకగా మార్చమన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణే. 'హెడ్'లో డి తీసి ఎల్ పెడితే 'హీల్'. హెచ్ బదులు టి పెడితే 'టీల్', అదొక నీటిబాతు. అందులో ఎ బదులు ఎల్ పెడితే 'టెల్'. ఇ బదులు ఎ పెడితే 'టాల్'. మొదటి ఎల్ బదులు ఐ పెడితే 'టెయిల్'. అయిదు అడుగుల్లో తల తోకయింది.

1879 మార్చిలో వానిటీ ఫెయిర్ అనే వారపత్రిక ఈ ఆటని పోటీగా వేసి బహుమతులు పెట్టింది. వెంటనే పేచీలు మొదలయ్యాయి. ఈ మాట చెల్లుతుందా, ఆ మాట ఎవరైనా వాడతారా అని పాఠకులు తగువు పడ్డారు. పదాల ఆట ఆడిన ప్రతి ఇంట్లోనూ ఇదే గొడవ కదా. కారల్ లెక్కల మనిషి గనక తగువు తీర్చడానికి చెల్లే మాటల పట్టికే తయారుచేసి, అదే ఏడాది ఆట నియమాలతో కలిపి చిన్న పుస్తకంగా వేయించాడు. అన్నట్టు, ఆ జూలియాయే తర్వాత లియొనార్డ్ హక్స్‌లీని పెళ్ళాడింది. రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఆవిడ కొడుకే.

ఇక జి, పి సంగతి. కారల్ ఇచ్చిన జవాబు 'మ్యాగ్‌పై', ఒక పిట్ట పేరు. 'బ్యాగ్‌పైప్' అన్నా చెల్లుతుంది, పందుల దొడ్డి 'పిగ్‌పెన్' అన్నా చెల్లుతుంది. ఇలాంటివి దొరకబుచ్చుకోవడానికి ఒక దారి ఉంది. జి, పి రెండూ కలిసి ఒకే ఊపిరిలో పలకవు. అంటే మాట అక్కడే రెండు ముక్కలయి ఉండాలి. జితో ముగిసే ముక్క ఒకటి, పితో మొదలయ్యే ముక్క ఒకటి వెతికి అతికించి చూడాలి. ఆయనే ఇచ్చిన ఇంకో చిక్కు ఐ, ఎం, ఎస్, ఇ. ఇక్కడా కోత ఎం తర్వాతే, 'హిమ్' ఒక ముక్క, 'సెల్ఫ్' ఒక ముక్క, కలిపితే 'హిమ్‌సెల్ఫ్'. ఇ, ఎం, ఓ ఇస్తే మాత్రం కోత అక్కర్లేదు. నాలిక మీద హాయిగా నడిచే వరుస అది, 'లెమన్', 'డెమన్', 'మెమరీ', 'రిమోట్' అని బోలెడు వస్తాయి. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. అడిగేవాడికి జవాబు తెలిసి ఉండాలని లేదు. తనకే తెలియని చిక్కు ఎదుటివాడికి ఇవ్వచ్చు, అలాంటి మాటే లేదని ఎదుటివాడు తేల్చనూ వచ్చు. మాస్టారికి కూడా జవాబు తెలియని పరీక్ష!

మన ఇంగ్లీషు మాస్టారు ఒకరు ఎనిమిదో తరగతిలో శనివారం చివరి పీరియడ్‌లో ఈ ఆటే ఆడించేవారు. పేరు చెప్పలేదు, ఎవరు కనిపెట్టారో చెప్పలేదు. బోర్డు మీద రెండు మూడు అక్షరాలు రాసి, ఊ, పట్రండిరా అనేవారు. బి, టి అని రాస్తే 'సబ్‌ట్రాక్ట్' లెక్కల క్లాసు నుంచి వచ్చేది, 'డెట్', 'డౌట్' ఎవరికీ తట్టేవి కావు. ఎందుకంటే మనం మాటని చెవితో వెతికేవాళ్ళం. 'డౌట్'లో బి చెవికి వినపడదు. తెలుగులో పలికినట్టు రాస్తాం, రాసినట్టు పలుకుతాం. ఇంగ్లీషులో కంటికి ఒక మాట, నోటికి ఒక మాట. ఎం, ఎన్ అని రాసినప్పుడు 'ఆటమ్' దొరికింది గానీ 'కాలమ్' దొరకలేదు. ఇప్పుడు నా ఉద్యోగంలో రోజుకి పాతికసార్లు ఆ మాట రాస్తాను, వినపడని ఆ చివరి ఎన్‌తో సహా.

టెన్త్ దాకా తెలుగులో చదివి ఇంటర్లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డవాళ్ళకి గొంతు దగ్గర మాట ఆగిపోవడమంటే ఏమిటో తెలుసు. అర్థం తెలుసు, స్పెల్లింగు తెలుసు, నోరు తెరిస్తే నలుగురూ నవ్వుతారేమోనని భయం. నేను చేరిన కాలేజీలో నిజంగానే నవ్వేవాళ్ళు. అక్కడినుంచి చదువు వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళు మన బ్యాచిలోనే ఇద్దరున్నారు, ఇద్దరూ లెక్కల్లో నాకన్నా గట్టివాళ్ళు. నేను నిలబడ్డానంటే, ఇంగ్లీషు మాట అంటే పలికేది మాత్రమే కాదు, విప్పి చూసి మళ్ళీ బిగించుకోగల వస్తువు కూడా అని ఆ శనివారాలు నాకు అలవాటు చేయడం వల్లనే. ఆ ఆట కట్టినవాడు తన సొంత భాషలోనే మాట తడబడిన మనిషి అని నలభై దాటాక ఒక పుస్తకంలో చదివాను. నత్తి వల్లనే ఆయన అక్షరాల ఆటలు కట్టాడని ఎవరూ రుజువు చేయలేరు, నేనూ అనను. కానీ వరసగా చూస్తే పేరులో అక్షరాలు తారుమారు చేయడం, తలని తోక చేయడం, నడుమ అక్షరాల వేట, ఇవన్నీ కాగితం మీద కంటితో, నింపాదిగా ఆడేవే. ఎవరూ తొందరపెట్టరు.

మన అవధానాల్లో వ్యస్తాక్షరి ఉంటుంది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాల్ని వరుస తప్పించి, ఎన్నో అక్షరమో చెప్పి ఒక్కొక్కటే అందిస్తాడు. అవధాని అన్నీ గుర్తుపెట్టుకుని చివర్లో వాక్యాన్ని అప్పజెబుతాడు. అది ధారణకి పరీక్ష, సభలో నోటితో నెగ్గవలసింది. కారల్ ఆటలు అందుకు పూర్తిగా ఎదురు కొస. డబ్లెట్స్ తెలుగులో ఆడదామని మా అమ్మాయితో ప్రయత్నించాను. నది, గది, గడి, బడి అని నదిలోంచి బడికి తేలిగ్గానే వచ్చాం. మూడక్షరాల మాటలకి వెళ్ళేసరికి దారులు మూసుకుపోయాయి. మన అక్షరంలో హల్లూ అచ్చూ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి గదా, విడదీస్తే తప్ప ఆట సాగదు. ఓపికున్నవాళ్ళు చూడండి.

ఆయన జీవితంలో నేటి పాఠకుడు ఆగి ప్రశ్నించే భాగమూ ఉంది, దాటవేయడం నాకిష్టం లేదు. ఇరవైనాలుగేళ్ళు ఫొటోలు తీశాడు, ఆ కాలానికి గొప్ప ఫొటోగ్రాఫర్లలో ఒకడు. ఎక్కువగా పిల్లల్ని తీశాడు. తల్లిదండ్రుల అనుమతితోనే అయినా, బట్టలు లేకుండా తీసినవీ వాటిలో ఉన్నాయి. ఆ కాలంలో అలాంటి బొమ్మలు అమాయకత్వానికి గుర్తుగా చూసేవారని కొందరు పండితులంటారు, అంతమాత్రం చాలదని కొందరంటారు. 1863 జూన్‌లో లిడెల్ కుటుంబంతో ఆయన రాకపోకలు ఉన్నట్టుండి తెగిపోయాయి. సరిగ్గా అప్పటి డైరీ పుట ఎవరో కోసేశారు. పదమూడు డైరీల్లో నాలుగు కనిపించకుండా పోయాయి. ఆడపిల్లలున్న తండ్రిగా ఆ ఫొటోల సంగతి చదివినప్పుడు నాకు మనసు ఇబ్బందిపడింది. ఆ ఇబ్బంది పోవాలని నేను అనుకోవడం కూడా లేదు.

1880 డిసెంబరులో ఆయన డైరీలో ఒక చిన్న ఊహ రాసుకున్నాడు, అక్షరాల బిళ్ళల్ని చదరంగపు బల్ల మీద జరుపుతూ మాటలు చేసే ఆట ఒకటి కట్టవచ్చునని. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, ఆర్థికమాంద్యంలో పని పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు, వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి తన ఆట కట్టాడు. 1948లో దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టారు. ఒకరి ఊహ ఇంకొకరికి చేరిందని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

1881లో అధ్యాపక పదవి వదిలేశాడు, కాలేజీ గది మాత్రం వదలలేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పడుకునే మనసులో లెక్కలు కట్టి, మనసులోనే విడగొట్టి, తెల్లారాక రాసుకునేవాడు. అలాంటివి డెబ్భై రెండు కలిపి 1893లో పుస్తకంగా వేశాడు. రాత్రి తట్టిన ఆలోచన కోసం దీపం వెలిగించడం బద్ధకమై, 1891లో నలుచదరపు కన్నాలున్న అట్ట ఒకటి చేసుకున్నాడు. ఒక్కో కన్నంలో ఒక్కో అక్షరం పట్టేలా, చుక్కలతో గీతలతో కొత్త లిపే కట్టుకుని, దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి చీకట్లో రాసేవాడు. అదే ఏడాది సిజిజీస్ అనే మరో ఆట. ఇందులో రెండు మాటల్లోనూ ఒకే అక్షరాల వరుస ఉంటే అవి చుట్టాలు. తన కథలోని వాల్రస్‌నీ కార్పెంటర్‌నీ ఇలా కలిపాడు. 'వాల్రస్'లోని ఆర్, యు, ఎస్ 'పెరూజ్'లో ఉన్నాయి. 'పెరూజ్'లోని పి, ఇ, ఆర్ 'హార్పర్'లో ఉన్నాయి. 'హార్పర్'లోని ఎ, ఆర్, పి, ఇ 'కార్పెంటర్'లో ఉన్నాయి. నడుమ రెండే మాటలు.

ఈ ఆటలు పాతబడలేదు. డబ్లెట్స్‌లో ఒక్కో మాటని ఒక ఊరనుకుని, ఒక్క అక్షరం తేడా ఉన్న మాటల మధ్య రోడ్డు వేస్తే అదొక పటం. రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి వెతకడం కంప్యూటర్ సైన్సులో మొదటి పాఠాల్లో ఒకటి. మా అబ్బాయికి కాలేజీలో ఇచ్చిన మొదటి ప్రోగ్రాముల్లో ఇదొకటి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ క్నూత్ అయిదక్షరాల ఇంగ్లీషు మాటలు 5,757 తీసుకుని ఇలాంటి పటమే గీశాడు. అందులో 671 మాటలకి ఏ దారీ లేదు, పక్కన ఇంకో మాట లేని ఒంటరివి. ఒంటరిగా ఎడంగా ఉండడమనే అర్థమున్న 'అలూఫ్' కూడా వాటిలో ఒకటి. కారల్ చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో.

1897 చివర్లో క్రిస్మస్‌కి గిల్‌ఫర్డ్‌లో చెల్లెళ్ళున్న ఇంటికి వెళ్ళాడు. ఫ్లూ వచ్చి న్యుమోనియాలోకి దిగింది. 1898 జనవరి 14న పోయాడు. ఇంకో రెండు వారాలుంటే అరవై ఆరు నిండేవి. ఆ ఊరి కొండమీది శ్మశానంలోనే సమాధి ఉంది. 1861 జనవరి 1 నుంచి తనకి వచ్చిన ప్రతి ఉత్తరానికీ, తను రాసిన ప్రతి ఉత్తరానికీ నంబరు వేసి రిజిస్టరు పెట్టుకున్నాడు. అందులో చివరి నంబరు 98,721.